బొటనవేలి నుంచి వచ్చే ఎల్లమ్మ

దేవతల విషయంలో భీంరావుకు ఒక పద్ధతి ఉంది. మూడుసార్లు చూస్తాడు, నాలుగోసారి నోరు విప్పుతాడు. ముప్ఫై రెండేళ్లు భౌతికశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన మనిషి. నీలిరంగు అట్ట నోటుబుక్కు, సెకన్ల ముల్లున్న చేతిగడియారం, పైజేబులో రెండు పెన్నులు. ఈ మూడు ఆయుధాలతోనే బాన్సువాడ చుట్టుపక్కల పదకొండు మంది మహిమాన్వితుల గుట్టు బయటపెట్టాడు. వాళ్లలో పటంలోంచి విబూది రాల్చే స్వామి ఉన్నాడు, నిజాంసాగర్ కాలువకు నీళ్లెప్పుడు వదులుతారో ఇంజినీర్ల కంటే ముందే కలగనే అవధూత ఉన్నాడు. ఆ అవధూత బావమరిది ఇంజినీరు ఆఫీసులోనే అటెండరని భీంరావు రెండో వారానికే కనిపెట్టాడు.

పన్నెండో పేరు అంబిక.

ముప్ఫై నాలుగేళ్ల మనిషి. భర్త పోయి ఎనిమిదేళ్లు. బీడీలు చుట్టుకుంటూ కిరాయి గదిలో ఒంటరిగా బతికింది. నిరుడు గది ఖాళీ చేసి అన్న దేవిదాస్ ఇంటికి చేరింది. ఆర్నెల్ల కిందట ఆమె చుట్టిన బీడీలు వదులుగా ఉంటున్నాయని బీడీ కంపెనీ టేకేదారు గంపకు గంప తిప్పి పంపాడు. మరో రెండు నెలలకు ఆమె మీదికి ఎల్లమ్మ వచ్చింది. ఈ రెండు సంగతులనూ భీంరావు ఒకదాని కింద ఒకటి రాసి, అడుగున గీత కొట్టి, ఫలితం వేశాడు: "ఒక పని పోయింది. అంతకంటే సులువైన పని దొరికింది."

మంగళవారం పొద్దున పదింటికల్లా దేవిదాస్ ఇంటి ముందు షామియానా కింద జనం నిండిపోతారు. మనిషి బుద్ధిని మంగళవారంనాడు ఇంట్లో దాచి రావాలన్న నియమం ఏదో ఉన్నట్టు, మిగతా ఆరు రోజులు విత్తనాల బస్తాను నాలుగు వైపులా తిప్పి చూసి కొనే రైతులు కూడా అక్కడ నోరు తెరుచుకుని కూర్చుంటారు. గద్దె మీద అంబిక. నుదుటికి బిగించి కట్టిన పసుపు గుడ్డ, మోకాళ్ల మీద చేతులు, ఎటో చూసే చూపు. ఆమె పక్కన లాలి. లాలి అంతకుముందు ఆ వాడలో పిల్లలకు దిష్టి తీసే ముసలమ్మ. ఎల్లమ్మ మాట ముద్దముద్దగా వస్తోంది కనుక, ఆ మాటకు అర్థం చెప్పే కొలువు ఆమెకు దక్కింది. ఎదురుగా ఎల్లమ్మ కథలు పాడే బైండ్ల ముత్తెన్న జమిడిక వాయిస్తాడు.

మొదటి మంగళవారం నస్రుల్లాబాద్ రైతు ఒకడు చేతులు కట్టుకుని అడిగాడు. "తల్లీ, మోటరు మూడుసార్లు కాలింది. బోరు జాగ మార్చాల్నా?"

"ఆ… అది… గా…" అంది అంబిక. పెదాలు పదం కోసం వెతుకుతున్నట్టు కదిలి ఆగిపోయాయి.

"ఉత్తరం దిక్కు అంటుంది అమ్మ," అంది లాలి.

"ఉత్తరం దిక్కు మా దాయాది పాలోని పొలమున్నదవ్వా."

"అయితే గా పాలోని కండ్లే నీ మోటరును కాలవెట్టినయి. గదే చెప్తుంది."

రైతు తృప్తిగా తలూపాడు. డోంగ్లి నుంచి వచ్చిన తలపాగా ముసలాయన ఏకంగా మరాఠీలో అడిగాడు. దేవతకు తెలుగే సరిగా నడవడం లేదు. లాలికి మరాఠీ రాదు. అయినా ప్రశ్నకు జవాబు దొరికింది, ముసలాయన కళ్లు తుడుచుకుని లేచాడు. "మూఢత్వానికి భాష అడ్డం కాదు," అని భీంరావు మార్జినులో రాసుకున్నాడు.

తర్వాత శిగం, అంటే పూనకం. దాన్ని అతను కవిలాగా కాక గుమాస్తాలాగా నమోదు చేశాడు. పది ఇరవై ఆరు: ఎడమచేతి బొటనవేలు అదరడం మొదలు. అక్కడి నుంచి మణికట్టు, మోచేయి, భుజం. తర్వాత మూతి ఎడమ కొస పక్కకు లాగుకుపోవడం. మొత్తం యాభై సెకన్లు. ఆపైన ఆ చెయ్యి కాసేపు చచ్చుబడినట్టు ఒళ్లో పడి ఉండడం. పదకొండు నలభై: మళ్లీ అదే. బొటనవేలు, మణికట్టు, మోచేయి, భుజం, మూతి. యాభై మూడు సెకన్లు.

మూడు మంగళవారాల్లో ఏడుసార్లు. ఏడుసార్లూ అదే వరుస. "ఈ నటికి ఒకటే పాత్ర వచ్చు," అని రాసి నోటుబుక్కు మూశాడు.

నాలుగో మంగళవారం అతను కుర్చీలో కూర్చోలేదు. షామియానా మధ్యలో నిలబడి, నోటుబుక్కు తెరిచి, కళ్లద్దాలు సర్దుకుని, తరగతిలో లెక్క విప్పినట్టే విప్పాడు.

"ఏడుసార్లు వచ్చింది మీ అమ్మ. ఏడుసార్లు ఎడమ బొటనవేలు నుంచే వచ్చింది. ఒక్కపారి కుడిచేతి నుంచి రాలే, కాలు నుంచి రాలే. బస్సుకన్న కచ్చితంగ యాభై సెకండ్లకు దిగిపోయింది. గింత క్రమశిక్షణ ఏ దేవతకు ఉంటదయ్యా? ఇది నాటకం. నేర్చుకున్న ముక్క తప్పిపోతదేమోనని ఏడుసార్లు అదే ముక్క అప్పజెప్పింది."

"ఓ పంతులూ, నోరు జాగ్రత్త!" లాలి గద్దె దిగింది. "సదువు జెప్పినోనివని ఊకుంటున్నం."

"కోపమెందుకవ్వా, పరీక్ష పెడదాం. వాయిద్యం లేకుంటె నాటకం నడువది. ముత్తెన్నా, అమ్మ రాంగనే నేను ఆపమంట. ఆపు."

అప్పటికే అంబిక బొటనవేలు కదులుతోంది. భీంరావు చెయ్యెత్తాడు. "ఆపు ముత్తెన్నా!"

జమిడిక ఆగింది. చెయ్యి ఆగలేదు.

యాభై సెకన్లు దాటాయి. ఎనభై దాటాయి. అదురు ఎడమ కాలికి దిగింది. అక్కడి నుంచి ఒళ్లంతా పాకి, అంబిక గద్దె మీది నుంచి పక్కకు ఒరిగి నేలమీద పడింది. నోటి కొసన నురగ. చీర తడిసింది. దేవిదాస్ పరుగున వచ్చి చెల్లెలి గుప్పిట్లో ఇనుప తాళంచెవులు కుక్కాడు. ఒక నిమిషం యాభై సెకన్లకు శరీరం నెమ్మదించింది. షామియానా కింద ఊపిరి బిగబట్టిన జనం ఒక్కసారిగా హోరెత్తారు.

"చూసినవా పంతులూ!" లాలి జుట్టు విరబోసుకుని అరిచింది. "జమిడిక ఆపితే ఆగేటిదా నా తల్లి? నీ మీది కోపానికి దాని ఒళ్లు హూనం జేసింది!"

ఎవరో కుంకుమ నీళ్లు అతని చొక్కా మీద చిలకరించారు. భీంరావు ఎర్రటి చొక్కాతో, ఎర్రబడ్డ మొహంతో ఇంటికి నడిచాడు. ఆమెది మొండితనం, పచ్చి మొండితనం అని దారి పొడుగునా అనుకున్నాడు.

ఇంట్లో అతని భార్య సుచరిత మరక చూసింది. మంచినీళ్లిచ్చి, నోటుబుక్కు ముందర పెట్టింది. అతను దాన్ని పక్కకు తోశాడు.

"ఏందీ, ఇయ్యాల రాస్తలేరు?"

"రాసేటంత లేదు."

"ముప్ఫై ఏండ్లల్ల మొదటిసారి," అంది సుచరిత. "తారీఖు నేను రాసిపెట్టుకుంట."

మర్నాడు మధ్యాహ్నం రోజారాణి వచ్చింది. పదో తరగతిలో భీంరావు దగ్గర చదువుకుంది. ఇప్పుడు సర్కారు దవాఖానలో ఒక మూల గదిలో పని. రక్తపరీక్ష చేసి, ఫలితం చెప్పి, ధైర్యం చెప్పే గది. జనం ఆ గది ముందు నుంచి తల పక్కకు తిప్పుకుని నడుస్తారు. మందులు మధ్యలో మానేసినవాళ్లను వెతికి పట్టుకోవడం ఆమె పనిలో సగం. తనలాగా వెళితే ఆ ఇంటి గడపకు మచ్చ పడుతుంది కనుక ఒకచోట బీడీ కార్మికుల సర్వే అంటుంది, ఒకచోట చిన్నమ్మ కూతురినంటుంది.

"సార్, మీరు నిన్న షామియానా కింద ఏదో పుస్తకం చదివిండ్రంట. ఒకసారి చూడొచ్చా?"

"ఎందుకు బిడ్డా?"

"నేను ఎవరి గురించి చెప్తలేను. మీరు ఎవరి గురించి అడుగకుండ్రి."

నోటుబుక్కు తీసుకుని రోజారాణి ఏడు నమోదులనూ వేలుతో వెంబడిస్తూ చదివింది. ఎగతాళి వాక్యాల మీద ఆమె వేలు ఆగలేదు. అంకెల మీద ఆగింది.

"ప్రతిసారి బొటనవేలేనా సార్?"

"ప్రతిసారి."

"మాట?"

"ముద్దగ వస్తది. పదాలు దొరకయి. దొరకని పదాలు లాలి నింపుతది."

"తలనొప్పి ఉన్నట్టు కనబడ్డదా?"

"నుదుటికి గుడ్డ బిగించి కడ్తది. వేషమనుకున్న."

రోజారాణి పేజీ తిప్పింది. "నిన్నటిది ఖాళీ ఉన్నదేంది? జమిడిక ఆగినంక చెయ్యి ఆగిందా?"

భీంరావు కళ్లద్దాలు తీసి తుడిచాడు. వంటింటి గడపలో సుచరిత నిలబడి ఉంది.

"ఆగలేదు," అన్నాడు.

"నటించేటోళ్లు జనాన్ని చూసి పెంచుతరు, తగ్గిస్తరు సార్. ఏడుసార్లు ఒక్క తీరు ఎవ్వరూ నటించలేరు. ఏడుసార్లు ఒకే వేలు నుంచి మొదలైతే, తలకాయల గా వేలును నడిపే జాగల ఏదో కూసున్నదని మా డాక్టరమ్మ చెప్తది. కొందరున్నరు, ఏండ్లకేండ్లు గోళీలు మింగి మంచిగుంటరు. మధ్యల ఆపుతరు. ఒంట్ల కాపలా పడిపోతది. గప్పుడు గిట్లనే అయితది. తలనొప్పి, మాట తడబడుడు, మతిమరుపు, ఫిట్స్. తొందరగ పట్టుకుంటె నయమైతది. లేటైతే మనిషే దక్కది."

హెచ్ఐవీ అన్న మాట ఆ గదిలో ఎవరూ పలకలేదు. పలకవలసిన అవసరం భీంరావుకు లేదు. వదులుగా వచ్చిన బీడీలు, చచ్చుబడిన చెయ్యి, నుదుటి గుడ్డ, అన్నీ అతని చేతిరాతలోనే ఉన్నాయి. తను వేసిన గీత కింద ఫలితం మాత్రమే తప్పు. ఊహకు ఎదురు తిరిగే కొలత దొరికితే పండగ చేసుకోండిరా అని ముప్ఫై రెండేళ్లు పిల్లలకు చెప్పిన మనిషి, అలాంటి కొలత తన కళ్లముందే నేలమీద పడి కొట్టుకుంటుంటే పేజీ ఖాళీగా వదిలి ఇంటికి వచ్చాడు. లాలి దేవతను ముందే నమ్మి మాటలు నింపింది. తను దొంగను ముందే నమ్మి అంకెలు నింపాడు. ఇద్దరిలో తన చేతిరాతే కాస్త నయం.

అతను చటుక్కున లేచాడు. "పద. ఇప్పుడే పోయి చెప్త. అందరి ముందట నా తప్పు ఒప్పుకుంట."

"ఏమని ఒప్పుకుంటరు?"

"ఇది నాటకం గాదు, రోగమని."

"ఏం రోగమని అడుగుతరు సార్."

లేచిన భీంరావు మళ్లీ కూర్చున్నాడు.

"మీరు నిజం చెప్పినంక ఆమె గా వాడల నల్లా కాడ నీళ్లు పట్టుకోగలదా? అన్న ఇంట్ల కంచం వేరైతది. మందుకు ముందే సిగ్గుతోని చస్తది. మీకు నిజం ముఖ్యం. నాకు ఆమె వచ్చే మంగళవారం చూసుడు ముఖ్యం. కాని దేవిదాసన్న దవాఖాన పేరెత్తనిస్తలేడు. అమ్మ ఉన్న ఒంటికి సూది తగులొద్దని లాలవ్వ ఆన వెట్టింది."

ఇంతసేపూ మాట్లాడని సుచరిత గడప దాటి లోపలికొచ్చింది. "వాళ్లకు ఆమె బతుకుడు గాదు, ఈయన ఓడిపోవుడు కావాలె. గా ఆశ చూపెట్టుండ్రి, నిజామాబాద్ దవాఖానకేంది, హైదరాబాద్ దాంక ఎగురుకుంట వస్తరు." భర్త వైపు తిరిగింది. "పందెం కాయుండ్రి సారూ. మీకు చాతనైన పని అదొక్కటే."

మర్నాడు గురువారం. నిన్నగాక మొన్నటి విజయం వాసనకు వారం కాని వారం కూడా జనం పోగయ్యారు. అంబిక చూపు మరింత దూరంగా ఉంది. ఎడమ చెయ్యి ఒళ్లో ఎవరో మరిచిపోయిన వస్తువులా పడి ఉంది. వరుసలో ముందు రోజారాణి. ఆదివారం చర్చిలో పాట ఎత్తుకునే మనిషి, నుదుట పసుపు రాసుకుని, చేతిలో కొబ్బరికాయతో మోకరిల్లింది.

"తల్లీ, నాకు తెలిసిన ఒకామె రోజుకొక గోళీ మింగేది. ఏడాదైంది, ఆపింది. మళ్ల మొదలువెట్టమంటవా?"

అంబిక తల మెల్లగా లేచింది. ఆ గొంతు ఎక్కడ విన్నదో ఆమెకు గుర్తుకు రావడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక కళ్లు నిండాయి.

"భయం… అయితంది," అంది.

"వానలకు భయపడకుండ్రి అంటుంది అమ్మ," అంది లాలి.

"భయపడొద్దు తల్లీ," అంది రోజారాణి. "ఎవ్వరికీ తెల్వది. నేను తోడుంట."

భక్తురాలే దేవతకు అభయమిచ్చిందన్న సంగతి షామియానా కింద ఒక్కరూ గమనించలేదు. గమనించకపోవడమే వాళ్ల అర్హత, అనుకున్నాడు భీంరావు. అనుకున్న మరుక్షణమే ఖాళీ పేజీ గుర్తొచ్చి, ఆ తిరస్కారంలో సగం తనకే మిగుల్చుకుని ముందుకొచ్చాడు.

"దేవిదాస్! మొన్న నేను ఓడిపోలే. నిజామాబాద్ పెద్ద దవాఖానల తలకాయ లోపటి ఫోటో తీసే మిషిని ఉన్నది. ఈమెను గండ్ల పండవెట్టు. తలల ఏదన్న కనబడితే నాటకమో రోగమో, ఇగ మీ దుకాణం బందు. ఏం కనబడకుంటె అమ్మ ఉన్నట్టే. నేను ఓడిపోయినట్టు."

"సూది పొడువొద్దు సార్," దేవిదాస్ నసిగాడు. "అవ్వ ఆన వెట్టింది."

"ఫోటోకు సూది ఎందుకయ్యా? మీ అమ్మ ఫోటోకు భయపడ్తదా?"

సూది అవసరమని అతనికి తెలుసు. అబద్ధం ఎంత నున్నగా జారిందో చూసి తనే విస్తుపోయాడు.

లాలి కళ్లు మెరిశాయి. "ఓడిపోతే ఏం జేస్తవు పంతులూ? గది చెప్పు ముందుగాల."

"నువ్వే చెప్పవ్వా."

"బోనమెత్తుతవు. ఆడోళ్ల తీరు నెత్తిమీద పెట్టుకొని, ఊరు నడుమ నుంచి, ముత్తెన్న జమిడిక ముందట నడుస్తుంటె."

షామియానా పగిలిపోయేలా నవ్వులు లేచాయి. "ఎత్తుత," అన్నాడు భీంరావు.

అందరూ అంబిక వైపు తిరిగారు. ఆమె రోజారాణిని చూస్తోంది. "పోత," అంది. ఆ నెల రోజుల్లో ఎల్లమ్మ నోట స్పష్టంగా వచ్చిన మాట అదొక్కటే. దానికి అర్థం చెప్పే పని లాలికి పడలేదు.

రెండు జీపుల జనంతో, జమిడికతో, నిమ్మకాయల దండలతో నిజామాబాద్ చేరారు. గేటు దగ్గర కాపలావాడు జమిడికను ఆపేశాడు. భీంరావు చెయ్యెత్తి అరిచి చేసిన పని యూనిఫాం ఒక్క చూపుతో చేసింది. రోజారాణి దేవిదాస్‌ను చీటీల కోసం ఈ కిటికీ నుంచి ఆ కిటికీకి తిప్పుతూ, ఆ సందులో అంబికను డాక్టరు గదికి, అక్కడి నుంచి మిషన్ గదికి తీసుకుపోయింది. బెంచీ మీద కూర్చున్న భీంరావు దగ్గరి నుంచి నోటుబుక్కు లోపలికి వెళ్లింది.

మూడు గంటల తర్వాత అతన్ని పిలిచారు. డాక్టరు ముప్ఫై దాటని అమ్మాయి. నోటుబుక్కు ఆమె ముందు తెరిచి ఉంది.

"ఇది మీరు రాసిందా సార్? మా దగ్గర చదువుకునే పిల్లలు కూడా ఫిట్స్‌ని ఇంత వివరంగా రాయరు."

"ఆమె దొంగ అని రుజువు చెయ్యడానికి రాసిన," అన్నాడు భీంరావు.

డాక్టరు అంబిక వైపు చూసింది. మంచం మీద పడుకున్న అంబిక మెల్లగా, ఒక్కో మాట ఏరుకుంటూ అంది. "సారుకు… చెప్పుండ్రి. అన్నీ రాసుకున్నడు గద. ఇది గూడ… రాసుకోనీ."

డాక్టరు ఫిల్మును వెలుతురుకు పట్టింది. తలకు కుడివైపున రెండు వలయాలు, తెల్లగా, నీళ్లలో రాయి వేసినట్టు. ఎడమ చేతిని నడిపే చోటును ఆనుకునే పెద్దది ఉంది. చాలామంది ఒంట్లో ఏళ్ల తరబడి నిద్రపోయే ఒక పరాన్నజీవి, కాపలా లేదని తెలిసి మెదడులో లేచి కూర్చుందని, దానికి మందు ఆరు వారాలు వాడాలని, రెండు వారాల్లోనే తేడా కనిపించాలని, అటుపైన ఆపేసిన మాత్రలు మళ్లీ మొదలుపెట్టాలని చెప్పింది. ఇంకో నెల ఆలస్యమైతే ఏమయ్యేదో చెప్పలేదు. అంబిక ముందర ఆ మాట అక్కర్లేదు.

"గోళీలు ఎందుకు ఆపినవమ్మా?" భీంరావు అడిగాడు.

"కిరాయి గదిల ఉన్నప్పుడు… డబ్బాను ఆకు కట్టల పెట్టి, తంబాకు కింద దాచేదాన్ని. అన్న ఇంట్ల వదిన గూడ బీడీలు చేస్తది. గంప ఇద్దరిది. ఆకు తీసేటందుకు… చెయ్యి పెడితే దొరుకుతది. రెండు రోజులు ఆగుదామనుకున్న. దాచే జాగ దొరికినంక మింగుదామని." ఆమె కళ్లు మూసుకుంది. "ఏడాదైంది."

కళ్లు తెరిచి తనే అడిగింది. "నటిస్తున్ననని అనుకున్నవా సార్?"

"అనుకున్న."

"నాక్కూడ తెల్వలే. అమ్మనే వచ్చిందేమో అనిపించేది. ఈ రోగం కన్న… అమ్మనే నయం గద."

భీంరావు నోటుబుక్కు తీసుకుని లేచాడు. తల వంచుకుని బయటికి నడిచాడు. ఫిల్ము కవరు చంకలో ఉంది.

వేపచెట్టు నీడలో జనం కాచుకుని ఉన్నారు. దేవిదాస్, లాలి, ముత్తెన్న, జీపుల నిండా వచ్చిన తమాషా ప్రియులు. కవరు తీసి ఆ రెండు వలయాలను ఎండకు పట్టి చూపిస్తే చాలు. పదకొండు విజయాలను మించిన విజయం. ఇక జన్మలో ఈ మంద మళ్లీ ఏ గద్దె ముందూ కూర్చోకుండా చేయగల విజయం. తర్వాత ఎవడో ఒకడు అడుగుతాడు: ఇది ఎందుకొస్తది సార్? ఆ ప్రశ్నకు ఈ కవరులో జవాబుంది. మూర్ఖులకు ప్రశ్నలు వేయడం రాదని అతను ఎన్నడూ నమ్మలేదు. వేయకూడని ప్రశ్న మాత్రం వాళ్లకు తప్పకుండా వచ్చు.

"ఏమొచ్చింది సార్?" దేవిదాస్ ముందుకొచ్చాడు.

"ఏం రాలే," అన్నాడు భీంరావు. "మిషిని జూసింది. తలల ఏం లేదు. నేను ఓడిపోయిన."

ఈలలు, కేకలు. ముత్తెన్న జమిడిక అందుకోబోయి కాపలావాణ్ని చూసి ఆగాడు. భీంరావు చెయ్యెత్తాడు.

"ఆగుండ్రి. మిషిని కింద నుంచి లేచినంక ఆమె ఏదో అన్నది. పంతులు బోనమెత్తేదాంక నేను దీని ఒంటి మీదికి రాను, దీన్ని ఈన్నే రెండు వారాలు పండనియ్యుండ్రి అన్నది. ఒళ్లు నీరసపడ్డది, గ్లూకోజు ఎక్కిస్తరంట."

ఇంత చెత్త అతని నోట ఎన్నడూ రాలేదు. లాలి దాన్ని గాల్లోనే అందుకుంది.

"గదే నేను ముందుగాల్నే చెప్పిన! పంతులు పొగరు అణచనీకె వచ్చింది నా తల్లి. అణిచింది. ఇగ బోనం అందుకొని ఎల్లిపోతది. చెల్లెను పండనీ దేవిదాసూ. అమ్మ ఆన."

ఆరు వారాలు గడిచాయి. మూడో వారం నుంచి ఫిట్స్ రాలేదు. మాటలు దారి కనుక్కుని ఒక్కొక్కటీ తిరిగొచ్చాయి. అంబిక ఇప్పుడు పొద్దున్నే చెంబు పట్టుకుని సుచరిత దగ్గరికి పాలకు వస్తుంది. వంటింటి అరలో మెంతులని రాసిన డబ్బా ఉంది. అందులో మెంతులు లేవు. మాత్ర మింగి, సుచరితతో రెండు మాటలు ఆడి, పాలు తీసుకుని వెళుతుంది. ఆ డబ్బా సంగతి తనకు తెలియనట్టు నటించడం భీంరావు నేర్చుకున్నాడు. నటన అంత తేలిక కాదని కూడా నేర్చుకున్నాడు.

బోనం రోజు మంగళవారమే. బాన్సువాడ నడిబజారులో, వేపాకు కట్టిన కుండ నెత్తిన పెట్టుకుని, దాని మీద దీపం వెలుగుతుండగా భీంరావు నడిచాడు. కళ్లద్దాలు చెమటకు జారుతున్నాయి, సర్దుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఒకప్పుడు అతని దగ్గర గురుత్వాకర్షణ నేర్చుకున్నవాళ్లు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. విబూది స్వామి చౌరస్తాలో ఎదురొచ్చి, మెడలో బంతిపూల దండ వేసి, చెవి దగ్గర "స్వాగతం భీంరావూ" అన్నాడు. ఈ ఊరేగింపు చూసి వచ్చే నెలకల్లా ఎన్ని కొత్త గద్దెలు లేస్తాయో భీంరావుకు తెలుసు. లేచిన ప్రతి గద్దె మీదా తన పేరు సాక్ష్యంగా ఉంటుంది. ముప్ఫై ఏళ్ల పని ఒక్క కుండలో పోసి మోస్తున్నాడు. పక్కనే నడుస్తున్న సుచరిత కొంగుతో అతని చెమట తుడిచింది.

"దీపం వంగుతుంది సారూ. నిటారుగ నడువుండ్రి. సైన్సు మెడ గద, గట్టిగనే ఉండాలె."

దేవిదాస్ గడప ముందు ఊరేగింపు ఆగింది. బోనమెత్తినవాళ్ల కాళ్ల మీద ఆ ఇంటి ఆడమనిషి నీళ్లు పోయాలి. చెంబు పట్టుకుని అంబిక వచ్చింది. నుదుటికి గుడ్డ లేదు. చెంబు నిండుగా ఉంది. దాన్ని ఆమె ఎడమచేత్తో పట్టుకుంది.

"నమ్మినవా పంతులూ ఇప్పటికన్న?" వెనక నుంచి లాలి అరిచింది.

భీంరావు చెంబు అంచు మీది బొటనవేలిని చూస్తున్నాడు. చేతులు రెండూ కుండ మీద ఉన్నాయి, గడియారం చూసుకునే వీలు లేదు. మనసులోనే లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. నీళ్లు సన్నటి ధారగా, తొణక్కుండా, అతని పాదాల మీద పడుతున్నాయి. ముత్తెన్న వాయించడం ఆపి ఎదురుచూస్తున్నాడు. జనం గొణుగుతున్నారు. ఇరవై. నలభై. యాభై. యాభై అయిదు.

వేలు కదలలేదు.

అంబిక తలెత్తి చూసింది. "అయ్యిందా సార్ లెక్క?" అంది, అతనికి మాత్రమే వినపడేంత మెల్లగా.

"అయ్యిందమ్మా," అన్నాడు భీంరావు. తర్వాత తల కదలకుండా, ఊరంతా వినేలా అన్నాడు.

"వాయించు ముత్తెన్నా."